ఆయన నోటికి అతికించిన మాట

మా వీధి తాత పోయిన మూడో దినం ఆయన ఇంట్లో ఫాతెహా ప్రార్థన చదివారు. పంచిపెట్టిన బొరుగులూ చక్కెరా నోట్లో వేసుకుంటూ, మా ఊరి పెద్దమనిషి ఒకాయన ఆ చిన్న పంచలో అందరికీ వినబడేటట్లు అన్నాడు:

"మంచోడప్పా. ఎవురికీ అడ్డం చెప్పినోడు కాదు. సోలారోళ్లు అడిగినారు, నవ్వుకుంటా భూమి ఇచ్చేసినాడు."

తక్కినవాళ్లు తలలూపారు. గడప ఇవతల ఆడవాళ్లతో కూర్చున్న నేను లేచి, "ఆయన ఇయ్యలేదు" అన్నాను.

"ఇయ్యలేదంటే ఎట్లమ్మా? వీడియోలో ఉండాది కదా. నువ్వూ చూసినావు, నేనూ చూసినా."

"వీడియోలో ఉండేది ఆయన మొగము. మాట ఆయనది కాదు."

"సాలు పాపా. నీ కాలేజీ పోటీలు సావు ఇంట్లో పెట్టొద్దు" అని పెద్దమనిషి మరో పిడికెడు బొరుగులు తీసుకున్నాడు.

వాదన నేర్చినవారికి ఒక నియమం ఉంది. ఎదుటివాడిని ఖండించే ముందు, అతడు ఏమన్నాడో అతడే ఒప్పుకునే మాటల్లో మనం చెప్పాలి. మన పెద్దలు దాన్ని పూర్వపక్షం అన్నారు. పూర్వపక్షాన్ని వంకరగా చెప్పి గెలిచినవాడు గెలిచినట్లు కాదు, దొంగిలించినట్లు. కళాశాలలో వాదపోటీలకు తయారయ్యే రోజుల్లో నేను ఈ నియమాన్ని కంఠస్థం చేశాను. తాత విషయంలో ఒక కంపెనీ, ఒక కార్యాలయం, చివరికి ఒక ఊరు కలిసి దాన్ని కాలరాచాయి. చావు ఇంట్లో నన్ను ఆపిన చోటి నుంచే ఇక్కడ మొదలుపెడుతున్నాను.

ముందుగా, ఆయన మంచివాడు కాదు. కనీసం ఆ పెద్దమనిషి అనుకున్న అర్థంలో కాదు. ఆయన పరుపులు కుట్టేవాడు. దూదేకుల కుటుంబం. నల్లమాడ నుంచి కొత్తచెరువు దాకా ఊళ్లు తిరిగి, పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్లీ కుట్టి ఇచ్చేవాడు. మా పెరట్లో ముక్కుకు గుడ్డ కట్టుకుని దూది కుప్ప ముందు కూర్చున్నాడంటే మొదటి మాట తిట్టే.

"ఈ దూది మీద ఎట్ల పండుకుంటాండారమ్మా? రాళ్ల మీద పండుకున్నా ఇంతకన్నా మేలు."

"నువ్వు కుట్టిన పరుపే కదా తాతా అది" అనేది మా అమ్మ.

"కుట్టింది నేనే. చెడగొట్టింది మీరు."

అమ్మ ఇచ్చిన టీ ఒక గుక్క తాగి, "ఇది టీనా, గ్లాసు కడిగిన నీళ్లా?" అని అడిగేవాడు. అడిగి, పూర్తిగా తాగి, ఇంకొంచెం పోయమనేవాడు. బస్సులో కండక్టరుతో, సంతలో తూకంతో, మసీదులో మైకు గొంతుతో, ఆకాశంలో మబ్బుతో ఆయనకు తగాదాయే. మబ్బు పట్టి కురవకుండా పోయిన సాయంత్రాల్లో వీధిలో నిలబడి తల పైకెత్తి, "ఎందుకప్పా వచ్చినావు, మమ్మల్ని చూసి పోదామనా?" అని నిజంగానే అడిగేవాడు. జవాబు కోసం ఆగేవాడు కూడా.

ఆయనకు ఒక అలవాటుండేది. ఒప్పుకోని మాట చెవిన పడగానే గడ్డం పైకి లేచేది. ఎడమ భుజం మీది పచ్చ తువ్వాలను లాగి, గాలిలో ఒక్కసారి ఫట్‌మని విదిలించి, కుడి భుజం మీద వేసుకునేవాడు. తువ్వాల భుజం మారిందంటే ఆయన కాదన్నట్లు. మా వీధిలో చిన్నపిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు. బేరంలో అది చూడగానే అవతలివాళ్లు ధర తగ్గించేవారు. ఎవరికీ అడ్డం చెప్పని మనిషట!

ఊరికి ఉత్తరాన మెరక మీద ఆయనకు కొంత నేల ఉండేది. సర్కారు ఎప్పుడో పట్టా ఇచ్చింది. వాన పడిన ఏడు వేరుశెనగ వేసేవాడు, పడని ఏడు మేకలు తోలేవాడు. ఆ మెరకంతా తమకు కావాలని సోలారు కంపెనీ వచ్చింది. ప్రజల అభిప్రాయం వినాలి, విన్నదంతా వీడియో తీయాలి, దాన్ని డిస్కులోకి ఎక్కించి ఫైలులో పెట్టాలి. అదీ పద్ధతి. బడి ఆవరణలో షామియానా వేశారు. పొద్దున అధికారుల ప్రసంగాలు, ఆ తర్వాత కంపెనీవారి ప్రసంగాలు సాగాయి. రైతుల వంతు వచ్చేసరికి పులిహోర పొట్లాలు వచ్చాయి. సగం ఊరు లేచి పొట్లాల వరుసలోకి వెళ్లింది. ఫాతెహా నాడు బొరుగులు నములుతూ తీర్పు చెప్పిన పెద్దమనిషి ఆ వరుసలో మొదటివాడు.

నేను ముందు కుర్చీలోనే ఉన్నాను. ఆయనకు ముందు, కంపెనీ తరఫున ఊళ్లో తిరిగే ఒక మధ్యవర్తి మైకు పట్టుకుని, "మాకు ఏ అభ్యంతరమూ లేదు సార్. భూములు సంతోషంగా ఇస్తాండాం" అన్నాడు. ఆ తర్వాత తాత లేచాడు. తువ్వాల భుజం మారింది.

"నేను ఇయ్యను. వాన లేదని మేము ఏడుస్తాంటే, ఎండ ఉండాదని మీరు నవ్వుకుంటా వచ్చినారు. ఆ ఎండలో మాడింది మేము. దాన్ని అమ్ముకునేది మీరా? ఇయ్యను. రాసుకోండి."

రాసుకోండి అని ఆయనే అన్నాడు. ఎంత నమ్మకం!

తరువాత కొన్నాళ్లకు తన మాట ఎట్లా పడిందో చూసుకోవాలని కార్యాలయం చుట్టూ తిరిగి ఆయన ఆ డిస్కు కాపీ ఒకటి తెచ్చుకున్నాడు. ఆయన ఇంట్లో టీవీ లేదు. మా నాయన బడిపంతులు. మా ఇంట్లో డిస్కులు ఆడే పాత పెట్టె, డిస్కులు రైటు చేసే, అంటే ఖాళీ డిస్కు మీదికి వీడియో ఎక్కించే కంప్యూటరు రెండూ ఉండేవి. తాత వచ్చి కుర్చీ వద్దని టీవీకి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

మొదట్లో అంతా సరిగానే ఉంది. అధికారి నోరు తెరిచినప్పుడు అధికారి మాట, కంపెనీ మనిషి నోరు తెరిచినప్పుడు కంపెనీ మనిషి మాట. పోనుపోను నోటికీ మాటకూ సంబంధం తప్పింది. చివరికి తెర మీద ఆయన లేచి నిలబడ్డాడు. తువ్వాల ఫట్‌మని విదిలించాడు. నోరు తెరిచాడు. మా గదిలో వినబడిన మాట: "భూములు సంతోషంగా ఇస్తాండాం."

మాకు అర్థమయ్యేలోపే తెర మారింది. ఇప్పుడు అధికారి లేచి, చేతులు జోడించి, అందరికీ చిరునవ్వుతో ధన్యవాదాలు చెబుతున్నాడు. అధికారి నోటి నుంచి తాత గొంతు: "నేను ఇయ్యను!"

తాత పగలబడి నవ్వాడు. తొడ చరుచుకున్నాడు. "చూడు పంతులూ, దొరే ఇయ్యనంటాండాడు!" మేమూ నవ్వాం. నవ్వు ఆగిన తర్వాత ఆయన కాసేపు తెరను చూశాడు. "పాపా, ఇంగోసారి ఎయ్యి" అన్నాడు. మళ్లీ వేశాను. ఈసారి ఎవరమూ నవ్వలేదు.

"ఇదే వాళ్ల కాడా ఉండాదా?"

"ఇదే ఉండాలి తాతా. దీని అసలు వాళ్ల ఫైలులో ఉంటుంది."

"అంటే నేను ఇచ్చినట్లా?"

ఆ ప్రశ్నతో మా ఇంట్లో పని మొదలైంది. మొదట పెట్టెను అనుమానించాం. ఆయన పెట్టె నెత్తిన ఒక్కటిచ్చాడు. తర్వాత పక్కింటివాళ్ల పెట్టెలో వేశాం, కంప్యూటరులో వేశాం. ఎక్కడ వేసినా సంతోషంగా ఇస్తూనే ఉన్నాడు. డిస్కు పాడై ఉంటుందని నాయన అన్నాడు. దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి కొత్త డిస్కు మీద రైటు చేశాను. రైటింగు విజయవంతంగా పూర్తయిందని తెర మీద అక్షరాలు వచ్చాయి, గంట మోగింది, డిస్కు పెట్టే అర దానంతటదే బయటికి వచ్చింది. వేసి చూస్తే అదే తప్పు. వేరే రకం డిస్కు తెచ్చి, వేగం తగ్గించి మళ్లీ చేశాను. మళ్లీ విజయవంతం. మళ్లీ గంట. మళ్లీ అదే తప్పు.

"నాలిక బయటపెట్టి ఎక్కిరిస్తాంది చూడు" అన్నాడు ఆయన, ఆ అరను వేలితో లోపలికి తోస్తూ. కొంతసేపటికి దానితో మర్యాదగా కూడా మాట్లాడి చూశాడు. "ఏమప్పా, నీకేమి అన్యాయం చేసినా నేను? నా మాట నాకు ఇచ్చెయ్."

సంగతి తెలిసిన తర్వాత నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. రైటు చేసేటప్పుడు కంప్యూటరు ఒక్క సంగతే సరిచూస్తుంది: ఫైలులో ఉన్నది డిస్కులోకి తేడా లేకుండా వచ్చిందా అని. ఫైలులో ఉన్నది జరిగిన సంగతేనా అని అది అడగదు, దానికి అడగడం తెలియదు. కెమెరా నుంచి దించేటప్పుడే బొమ్మలో అక్కడక్కడ ముక్కలు రాలిపోయాయి. శబ్దంలో రాలలేదు. రాలిన ప్రతి ముక్కకూ బొమ్మ ముందుకు జరిగింది, మాట వెనకబడింది. మొదట్లో రెప్పపాటు తేడా, చివరికి ఒక మనిషి తేడా. పెద్దలు మొదట మాట్లాడతారు కనుక వాళ్ల మాట వాళ్లకు దక్కింది. రైతుల వంతు ఎప్పుడూ చివరే కనుక పోయినదంతా రైతులదే. కార్యాలయంలో ఎవరైనా సరిచూసి ఉంటే సభ మొదట్లో దీపం వెలిగించిన చోటు చూసి ఉంటారు, అధికారి తొలి నమస్కారం చూసి ఉంటారు. బాగానే ఉందని పక్కన పెట్టి ఉంటారు. ఒక అబద్ధాన్ని ఎన్ని డిస్కుల మీద ఎంత శ్రద్ధగా రైటు చేసినా, ప్రతిసారీ గంట మోగుతుంది.

ఇది కుట్ర అని నేను అనను. అనడానికి నా దగ్గర రుజువు లేదు. నిర్లక్ష్యం అనడానికి ఉంది. కాని ఇది తప్పని చెప్పిన తర్వాత కూడా వాడుకుంటే దాన్ని నిర్లక్ష్యం అనరు. డిస్కు తప్పని మేము కార్యాలయంలో అర్జీ పెట్టిన తర్వాతే కంపెనీవాళ్లు ఆ డిస్కును పంచాయతీ ఆవరణలో టీవీ పెట్టి ఊరందరికీ చూపించారు. ఆ తువ్వాలను పుట్టినప్పటి నుంచి చూస్తున్న ఊరు అది! తెర మీద తువ్వాల భుజం మారుతుంటే, ఫట్‌మని విదిలిస్తుంటే, ఆ మనిషి సంతోషంగా ఇస్తున్నాడని ఊరు నమ్మింది. యంత్రానికి ఆయన తెలియదు. ఊరికి తెలియదా?

అసలు రికార్డింగు అడిగాం. వీడియో తీసిన మనిషి ఆ కెమెరా కార్డు మీద ఇంకెవరిదో పెండ్లి రికార్డు చేసేశానన్నాడు. ఇక మిగిలింది ఒక్కటే దారి. డిస్కులో ఆయన మాట పోలేదు, చోటు మాత్రమే తప్పింది. కనుక శబ్దాన్ని విడదీసి, రాలిన చోటల్లా ముందుకు జరిపి, ఎవరి నోటికి వాళ్ల మాట చేర్చాను. చివరికి తెర మీద ఆయన నోరు తెరిస్తే ఆయన మాటే వచ్చింది. "నేను ఇయ్యను." ఆయన ఇంకోసారి వేయించుకుని విన్నాడు. తర్వాత, "గొంతు కొంచెం గట్టిగా ఉండాల్సింది" అన్నాడు.

ఆ డిస్కును ఆయన చేతికి ఇస్తూ, మెరిసే వైపు ముట్టుకోవద్దని చెప్పాను. ఆయన ముట్టుకోలేదు. గుడ్లు పట్టుకున్నట్లు అంచుల మీద పట్టుకుని వెళ్లాడు.

మా వైపు ఏ ముఖ్యమైన వస్తువైనా పనికి పోయే ముందు పీర్ల పండుగ నిప్పుల గుండంలో తీసిన బూడిద, ఊదీ, తాకాలి. కొత్త ఎద్దు నొసటికి, బోరు మోటారుకు, పరీక్షకు పోయే పిల్లల కలానికి. దానికి హిందువులు, సాయిబులు అన్న తేడా లేదు. నా కలాలకూ మా అమ్మ పూసింది. ఆయన తన మాటకు పూశాడు. ఎవరికైనా ఊదీ ముఖానికే కదా పెట్టేది! డిస్కుకు ముఖం ఏది? మెరిసే వైపే.

కార్యాలయంలో విచారణ రోజు నేనూ వెంట వెళ్లాను. వాదనంతా వరుసగా పేర్చుకుని వెళ్లాను. మా డిస్కు పెట్టెలో వేశారు. అది తిరిగింది, గరగరలాడింది, ఆగింది. అధికారి దాన్ని బయటికి తీయించి కిటికీ వెలుగులో తిప్పి చూశాడు. ఆయన వేరే ప్రాంతం మనిషి.

"ఇదేంటయ్యా, డిస్కుకు పౌడర్ పూశావా?"

గదిలో అందరూ నవ్వారు. నేను తాత వైపు చూశాను.

"నేను ముట్టుకోలేదు పాపా. ఊదీ పూసినా, అంతే" అన్నాడు మెల్లగా.

"సార్, తుడిస్తే ఆడుతుంది" అన్నాను.

"ఆడినా పనికిరాదమ్మా. మీరు ఇంట్లో మార్చింది కదా. మార్చింది సాక్ష్యం ఎలా అవుతుంది?"

"మీ దగ్గర ఉన్నదే మారిపోయింది సార్. మేము సరిచేశాం. నోరు చూడండి, మాట వినండి, రెండూ కలవవు."

"మాది సక్రమంగా రైటయిందని రిపోర్టు ఉంది. అది వేద్దాం, ఆడుతుందో లేదో మీరే చూడండి."

వేశారు. ఆడింది. ఆడటమే కదా దాని నేరం! దాన్ని తిన్నగా చివరికి జరిపారు. తెర మీద తాత లేచాడు. టీవీలోంచి "మాకు ఏ అభ్యంతరమూ లేదు సార్" అని మొదలైంది.

అప్పుడు ఆయన నన్ను పక్కకు జరిపి ముందుకు నడిచాడు. టీవీ పక్కన, తన బొమ్మకు ఆనుకుని నిలబడి, అధికారి వైపు తిరిగాడు. పెదవులు బిగించాడు. చూపుడువేలు మూసిన నోటి మీద పెట్టి చూపించాడు. చూడండి, నేను ఇక్కడ ఉన్నాను, నోరు మూసుకుని ఉన్నాను, ఆ మాట ఎక్కడి నుంచి వస్తోంది? అంత స్పష్టమైన వాదన నేను ఏ వేదిక మీదా వినలేదు. పక్కన తెర మీద ఆయన ముఖం సంతోషంగా ఇస్తూనే ఉంది. బయట ఆయన ముఖం కదలలేదు. మెడ నరాలు మాత్రం ఉబ్బాయి.

"ఏంటయ్యా, ఏమైనా చెప్పు" అన్నాడు అధికారి.

ఆయన నోరు తెరవలేదు. వేలితో మళ్లీ చూపించాడు.

"చెప్పుకోవడానికి అవకాశం ఇచ్చాం" అని అధికారి గుమాస్తా వైపు తిరిగాడు. "రాసుకోండి. అర్జీదారు హాజరయ్యారు. అభ్యంతరం ఏమీ చెప్పలేదు."

"చెప్పారు సార్!" నేను అరిచాను. "ఇప్పుడే, మీ కళ్ల ముందరే చూపించారు."

"చూపించినవి రాయడానికి ఇందులో చోటు లేదమ్మా."

ఆయన అప్పుడు నోరు తెరిచాడు. "ఇయ్యను, ఇయ్యను" అని గోడలు అదిరేటట్లు అరిచాడు. గుమాస్తా అప్పటికే కలం మూత పెట్టేశాడు. బంట్రోతు వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. ఫైలు కట్టారు. ఆ ఫైలు మీదే భూమి పోయింది. ఇప్పుడు ఆ మెరక మీద ఎటు చూసినా సోలారు అద్దాలే.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాం. పైకోర్టు ఉందని, ఇంకో అర్జీ పెడదామని, మూసిన నోరు కూడా సాక్ష్యమేనని, నాకు తెలిసిన న్యాయమంతా ఆయనకు చెబుతూ ఉన్నాను. ఆయన నా మాట పూర్తి కానివ్వలేదు. ఎప్పుడూ కానిచ్చినవాడు కాదు.

"తెరిస్తే వాళ్ల మాట, మూస్తే వాళ్ల మాట" అన్నాడు. "ఇంగ నాకీ నోరెందుకు పాపా, అన్నం తినేదానికా?"